లోపలే ఉన్న బండి

జగిత్యాల బస్టాండు పక్కన బండ్ల స్టాండులో నేను రెండేళ్లు పనిచేశాను. పెద్ద పనేం కాదు. రేకుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, లోపలికి వచ్చే బండి నంబరునూ బయటికి పోయే బండి నంబరునూ చూడడం. నిజానికి అది కూడా నేను చూడనక్కర్లేదు, కెమెరా చూస్తుంది. కెమెరా సరిగ్గా చూస్తున్నదా లేదా అని నేను చూడాలి. డిగ్రీలో కంప్యూటర్లు చదివినందుకు దొరికిన కొలువు అది. పొద్దున కోరుట్లలో బస్సెక్కి వచ్చి, సాయంత్రం మళ్లీ బస్సులోనే పోయేదాన్ని. ఊరందరి బండ్లకు కాపలా కాసేదానికి సొంతంగా సైకిల్ కూడా లేదని మా అమ్మ బీడీలు చుడుతూ వాడకట్టంతా నవ్వించేది.

కెమెరాలు రాకముందు ఆ స్టాండులో బండ్లు తరచుగా పోయేవి. కాగితం చిట్టీ చూపిస్తే బండి ఇచ్చేవారు, ఆ చిట్టీ అచ్చు వేయించుకోవడం ఎవరికైనా చేతనవును. స్టాండు గుత్తకు తీసుకున్నాయనను అందరూ సేటు అనేవారు. ఆయన హైదరాబాదులో ఏదో పెద్ద దుకాణం కింద నంబర్లు చదివే కెమెరాలు చూసొచ్చి, జిల్లాలో ఎవరికీ లేనిది నాకుండాలని పట్టుబట్టి తెప్పించాడు. లోపలికి వచ్చే గేటు దగ్గర ఒకటి, బయటికి పోయే గేటు దగ్గర ఒకటి. బండి రాగానే కెమెరా నంబరు పలకను ఫోటో తీసి, అందులోని నంబరును చదివి కంప్యూటర్‌లో రాసుకుంటుంది. పోయేటప్పుడు మళ్లీ చదువుతుంది. రెండూ కలిస్తే గేటు లేస్తుంది. కలవకపోతే ఎర్రలైటు వెలిగి కీక పెడుతుంది, బండి కాగితాలు చూపించాలి. మనిషి ముఖంతో దానికి పని లేదు. మోకాలెత్తు గుంజకు బిగించారు కాబట్టి చూడాలన్నా చూడలేదు.

దొంగలు నిజంగానే భయపడ్డారు. 'కెమెరా నంబరు చదువును, జాగ్రత్త' అని గేటు మీద ఎర్ర రంగుతో పెద్ద బోర్డు రాయించాం. చాలా నెలలు ఒక్క బండి పోలేదు. పక్క ఊళ్ల స్టాండులవాళ్లు వచ్చి చూసిపోయేవారు. సేటు వాళ్లకు నన్ను చూపించి "మా ఆపరేటర్" అనేవాడు. ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అవి తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదున్న రోజులు. బండి నంబరులో ఏపీ తీసేసి టీజీ అని రాయించుకోవడం అప్పుడు మా అందరి పట్టింపు. రాష్ట్రం ఢిల్లీలో ఆగింది గానీ మా బండ్ల మీదికి ఎప్పుడో వచ్చేసింది. పెయింటరు దగ్గర రాయించుకున్నవాళ్లున్నారు, అట్ట ముక్క మీద రాసి అంటించుకున్నవాళ్లున్నారు. కెమెరాకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. టీజీ కనబడితే 'చెల్లని నంబర్' అని కీక పెట్టేది.

"ఏందక్కా, మా తెలంగాణ చెల్లదా నీ కంప్యూటర్‌కు?" అని ఒకాయన గేటు దగ్గర బండి అడ్డం పెట్టి కొట్లాటకు దిగాడు.

"ఢిల్లోళ్లకే చెల్లుతలేదన్నా, గా డబ్బకేం చెల్లుతది? జర ఆగు, నేను కొడ్త" అని, టీజీ ఉన్నచోట ఏపీ అని టైపు చేసి గేటు లేపాను. ఆ తర్వాత రోజూ అదే పని. ఇంటికి పోయి చెబితే మా తమ్ముడు "మనింట్లనే ఉన్నదిరా ఉద్యమద్రోహి" అని ఏడిపించేవాడు.

తమ్ముడు డిగ్రీ చివరి ఏడాది. రాస్తారోకోల్లో వాడి మీద రెండు కేసులున్నాయి. అయినా పోలీసు కొలువు పరీక్షకే చదివేవాడు. కేసులున్నవాడికి ఆ కొలువు ఇవ్వరని వాడికి తెలుసు. రాష్ట్రం వస్తే ఉద్యమం కేసులన్నీ ఎత్తేస్తారని అందరూ అనేవారు, ఆ ధీమాతో చదివేవాడు. మా అమ్మ ఆశ కూడా అదే. నాన్న పోయిన ఇల్లు మాది, వాడి కొలువు తప్ప మేం ఎదురుచూసేది ఇంకేం లేదు.

ఇక సిరిసిల్ల కాక. ఆయన పేరు రాయను. నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. చిన్నప్పటి నుంచి యాభై ఏళ్లు వచ్చేదాకా సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. దూదిపొట్టు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. ఇంకా ఆ షెడ్డులోనే ఉంటే ఎక్కువ రోజులు బతకవని డాక్టరు ముఖం మీదే చెప్పాడట. సాంచా వదిలి, పాత మోపెడ్ ఒకటి సంపాదించి, వెనక రెండు వైపులా ఇనుప చట్రం వెల్డింగు చేయించుకున్నాడు. తువ్వాలలు, లుంగీలు, లంగాల బట్ట మూటలు కట్టుకుని పెగడపల్లి, బుగ్గారం వైపు ఊళ్లు తిరిగి అమ్మేవాడు. వారమంతా జగిత్యాలలో చెల్లెలింట్లో ఉండి, శనివారం సాయంత్రం మోపెడ్‌ను మా స్టాండులో పెట్టి, బస్సులో సిరిసిల్ల పోయి, సోమవారం పొద్దున వచ్చేవాడు. సీటుకు ఎర్రంచు తువ్వాల ఒకటి కవరులా కుట్టించుకున్నాడు. అట్లాంటి సీటు ఇంకో బండికి నేను చూడలేదు.

"బండెక్కినంక దగ్గు సగమైంది బిడ్డా. మొకానికి గాలి తగులుతాంటే పానం నిమ్మలమైతది. మళ్ల సాంచా కాడికి పోవుడంటే నేను మిగుల" అనేవాడు. ఆయనకది బండి కాదు, ఊపిరి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆయన నంబరు పలక మీద ఏపీ అట్లాగే ఉండేది. ఎందుకు మార్పించుకోలేదని ఒకసారి అడిగాను. "అచ్చినంక సర్కారే మారుస్తది తియ్. ఇప్పుడు రాసుకుంటే తొవ్వల ఎవడన్న ఆపి మూటలన్ని ఇప్పుమంటడు. ఇప్పిన మూట మళ్ల కట్టుడు ఎంత తిప్పలో నీకేమెరుక" అన్నాడు.

ఒక ఆదివారం చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినడం, బండ్లు కదలనీయకపోవడం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లేసుకుని వచ్చారు. ఆ రోజు స్టాండు ఉద్యమానిదేనని సేటు మైకులో ప్రకటించాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. పొద్దున పది గంటలకే స్టాండు నిండిపోయింది. కాక మోపెడ్ ఎప్పటిలాగే గోడ పక్కన, మూటలు లేకుండా బక్కగా నిలబడి ఉంది.

మధ్యాహ్నం మా తమ్ముడూ వాడి దోస్తులూ టీజీ స్టిక్కర్ల కట్టలు పట్టుకుని వచ్చారు. వరుసగా ప్రతి బండికీ ఏపీ మీద అంటించడం మొదలుపెట్టారు. పలకల మీద దుమ్ముకు స్టిక్కర్లు నిలవడం లేదు. అది చూస్తూ గదిలో కూర్చోలేకపోయాను. బకెట్లో నీళ్లు, పాత చున్నీ ముక్క తెచ్చి, నేను తుడుస్తూ పోతే తమ్ముడు అంటిస్తూ వచ్చాడు. చౌరస్తా నుంచి డప్పుల మోత, పప్పుచారు వాసన. ఎవరి బండో, ఎవరినైనా అడగాలో అన్న ఆలోచనే లేదు. మా పనిని వద్దనేవాడు కూడా ఉంటాడా అన్నంత కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి మాకు. గోడ పక్కన వరుసంతా నేనే తుడిచాను. కాక మోపెడ్ పలక బురదతో గట్టిపడి ఉంటే గోటితో గీకి మరీ తుడిచాను. వద్దన్న మనిషని గుర్తొచ్చింది. 'సోమవారం చూసి నవ్వుతాడులే' అనుకున్నాను.

నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న పూట ఇంకోటి లేదు. అందుకే దాన్ని తలుచుకోవడమంటే నాకు ఒళ్లు మండుతుంది.

తినడాలు అయ్యాక జనం ఒక్కసారిగా బండ్ల కోసం వచ్చారు. మొదటి బండికే కెమెరా కీక పెట్టింది. లోపలికి ఏపీగా వచ్చిన బండి బయటికి టీజీగా పోతోంది. రెండో బండికీ కీక, మూడో బండికీ కీక. అప్పటికి గానీ మేం చేసిందేమిటో నా బుర్రకెక్కలేదు. ఒక్కొక్కటీ చేత్తో కొడదామంటే వెనక వరుస రోడ్డు దాకా ఉంది. హారన్లు, నినాదాలు. "లేపు చెల్లే, గేటు లేపు! జై తెలంగాణ!" అంటున్నారు. నేనూ జై తెలంగాణ అన్నాను. గేటు కర్రను పైకెత్తి తాడుతో గుంజకు కట్టేశాను. గంట సేపట్లో స్టాండు సగానికి పైగా ఖాళీ అయింది. పోయినవాళ్లు చెయ్యి ఊపుతూ పోయారు, నేనూ ఊపాను.

తర్వాత తాడు విప్పి, కంప్యూటర్‌లో 'లోపల' అని మిగిలిపోయిన నంబర్లన్నీ చేత్తో 'బయటికి' అని సరిచేశాను. రాత్రికి ఉండే బండ్లు కొన్ని ఉంటాయి కదా, వాటిని అట్లాగే వదిలేశాను. కాక మోపెడ్ శనివారం నుంచి సోమవారం దాకా లోపలే ఉండే బండి. దాని జోలికి పోలేదు. గోడ వైపు తల తిప్పి చూడనైనా చూడలేదు. ఆఖరి బస్సు దొరకదేమోనని నా తొందర నాది.

సోమవారం పొద్దున కాక వచ్చాడు. గోడ పక్కన మోపెడ్ లేదు. ఆయన తొందరపడకుండా స్టాండంతా మూడుసార్లు తిరిగాడు. రాత్రి ఉన్న బండ్లన్నిటికీ కొత్త స్టిక్కర్లు తళతళలాడుతున్నాయి. తిరిగి తిరిగి నా గది కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నా బండి పోయినట్టున్నది బిడ్డా. నీ కంప్యూటర్ ఏమంటాంది?"

కంప్యూటర్‌లో కొట్టి చూశాను. శనివారం సాయంత్రం ఏపీ నంబరుతో లోపలికి వచ్చింది. బయటికి పోయినట్టు లేదు.

"లోపలే ఉన్నదని చూపిస్తున్నది కాకా."

"అది అబద్ధం చెప్తదా?"

"చెప్పదు" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా నోటి నుంచి ఎన్నడూ రాలేదు.

ఆయన చెల్లెలింటికి పోయాక ఆదివారం నాటి ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా వెతికాను. గేటు లేపి ఉన్నా కెమెరా ఫోటోలు తీయడం ఆపలేదు. మూడున్నర దాటాక కాక మోపెడ్ కనబడింది. పక్కన ఇనుప చట్రం అంచు, పలక మీద టీజీ స్టిక్కరు, కింద రబ్బరు చెప్పులేసుకున్న రెండు పాదాలు. పాదాల పైన ఇంకేం లేదు. బండంతా మట్టి, పలక ఒక్కటే తెల్లగా ఉంది. నేను గీకిన గోటి గీతలు కూడా కనబడుతున్నాయి.

సేటు వెనక నుంచి వచ్చి చూశాడు.

"టీజీ బండి మన స్టాండ్లకు రానేరాలే. మనకచ్చింది ఏపీ బండి. అది పోయినట్టు కంప్యూటర్ల ఉన్నదా? లేదు. ఇగ మనదేం తప్పున్నది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గీ ఫోటో బయటికి పోతే నంబర్లు మార్చినోళ్లెవరని అడుగుతరు. మార్చినోళ్లే బండి కొట్టేసిన్రంటరు. అండ్ల నీ తమ్ముడు గుడ ఉన్నడు గదమ్మా. నాకేమున్నది, నీ మంచికే చెప్తున్న. తీసెయ్యి" అన్నాడు.

తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం, దాన్ని నా మెడ మీద పెట్టాడు. అది నాకప్పుడే అర్థమైంది. అయినా ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. రాస్తారోకో కేసులు రాష్ట్రం వస్తే ఎత్తేస్తారు. దొంగతనం కేసు ఏ రాష్ట్రం వస్తే ఎత్తేస్తారు? మీట నొక్కింది నేనే. ఆదివారం ఫోటోలన్నీ పోయాయి.

మర్నాడు కాక ఠాణాలో దరఖాస్తు పెట్టుకోవడానికి స్టాండు నుంచి కాగితం అడిగాడు. సేటు చెబుతుంటే నేను టైపు చేశాను. 'కెమెరా రికార్డు ప్రకారం సదరు వాహనం స్టాండు నుంచి బయటికి వెళ్లలేదు.' కింద ఆపరేటర్ అని నేను సంతకం పెట్టాను. కాక కూడబలుక్కుని చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఠాణాలో ఆ కాగితం చూసి, లోపలే ఉన్న బండికి దరఖాస్తేంది, పోయి స్టాండులో వెతుక్కోమన్నారట. ఆ మాట ఆయన నాతో కోపంగా కాదు, ఏదో ఊరి ముచ్చట చెప్పినట్టు చెప్పాడు.

బండి లేకుండా ఆయన కొన్నాళ్లు తిప్పలు పడ్డాడు. రెండు మూటలు బస్సులో వేసుకుని పోయేవాడు. పెద్ద రోడ్డు మీద దిగితే ఊళ్లు ఎక్కడో లోపల ఉంటాయి. మూట భుజానికెత్తుకుని నడిస్తే దగ్గు మళ్లీ లేచేది. బస్టాండులో మూట మీద కూర్చుని గుక్కతిప్పుకుంటుంటే నా కిటికీ నుంచి కనబడేవాడు. నేను కంప్యూటర్ వైపు ముఖం తిప్పుకునేదాన్ని.

దసరా పోయాక ఒక సాయంత్రం ఇంటికి పోతుంటే, కోరుట్ల తొవ్వలో ఒక ఠాణా ముందు బస్సు ఆగింది. ఏ ఠాణానో ఇక్కడ రాయను. ప్రహరీ పక్కన పట్టుబడ్డ బండ్లు కుప్పగా ఉన్నాయి. వాటి నడుమ ఎర్రంచు తువ్వాల సీటు. నేను బస్సు దిగి, పరుగెత్తి, గోడ మీదుగా చూశాను. అదే మోపెడ్, అదే ఇనుప చట్రం. నంబరు పలక లేదు. ఏడుపొచ్చింది నాకు. దేవుడు నన్ను బయటపడేశాడనుకున్నాను.

మర్నాడే కాక చెల్లెలింటికి కబురు పంపాను. మూటలు మోయలేక అప్పటికే సిరిసిల్ల పోయి ఉన్న ఆయన వచ్చాడు, ఇద్దరం కలిసి ఠాణాకు పోయాం. ఆయన మోపెడ్ దగ్గర వంగి సీటు మీద దుమ్ము దులిపి, "నాదే" అన్నాడు. ఠాణా రాతకోతలు చూసే రైటరు మంచివాడే, కుర్చీలు వేయించాడు. కాక దగ్గరున్న బండి కాగితాలతో కలిపి చూడడానికి బండి కింద చెక్కి ఉండే నంబరు చూద్దామంటే దొంగ దాన్ని ఆకురాయితో రుద్దేశాడు. బండి నీదేనని ఇంకేదైనా రుజువు చూపమన్నాడు. కాక ఠాణాలు తిరిగీ తిరిగీ మెత్తబడిన ఆ కాగితం తీసిచ్చాడు.

"పెద్దమనిషీ, గీ కాయితంల నీ బండి జగిత్యాల స్టాండ్లనే ఉన్నదని రాసిచ్చిన్రు. మరి గిది నీదెట్లయితది?" అన్నాడు రైటరు. "ఒక్క పని చెయ్యి. గీ కాయితం తప్పని, బండి స్టాండ్ల నుంచి ఎట్ల పోయిందో, గేటు ఎవరు లేపిన్రో, ఎందుకు లేపిన్రో, స్టాండోళ్లతోని రాపిచ్చుకరా. కోర్టుల పెట్టి ఇప్పిస్త."

అంతే. ఒక్క కాగితం. రాయాల్సిన మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. కాక నా వైపు చూశాడు. అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు.

"సేటును అడిగి చెప్త కాకా" అన్నాను.

సేటును అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు. ఇంట్లో చెప్పాను. తమ్ముడు వెంటనే అంగీ తొడుక్కుని లేచాడు. "నేను పోయి నేనే అంటించినని చెప్త. పెద్దమనిషి బండి గద అక్కా" అన్నాడు. వాడు మంచివాడు, నాకంటే చాలా మంచివాడు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, తలుపుకడ్డంగా కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వాడి చెయ్యి పట్టుకుని లోపలికి గుంజాను. "నేను రాసిస్త, నీ పేరు లేకుండ రాస్త, నువ్వు సదువుకో" అన్నాను.

ఆ వారం నాలుగుసార్లు రాశాను. తమ్ముడి పేరు లేకుండా రాస్తే ఎవరు అంటించారని అడుగుతారు. నేనే అంటించానని రాస్తే ఒక్కదానివే అన్ని బండ్లకా అంటారు, ఇంటికొచ్చి తమ్ముడిని చూస్తారు. గేటు నేను లేపానని రాస్తే నా కొలువు పోతుంది, సేటు నన్నే దొంగను చేస్తాడు. నాలుగూ చింపి పొయ్యిలో వేశాను. మనసులో మాత్రం, రాష్ట్రం రానీ, అప్పుడు రాస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో మేమందరం ప్రతిదీ రాష్ట్రం వచ్చినంక అనే అనుకునేవాళ్లం. పిరికితనానికి అంత మంచి ముసుగు మళ్లీ దొరకదు.

కాక నెలకొకసారి వచ్చేవాడు. ఠాణా గోడ దగ్గర నిలబడి మోపెడ్‌ను చూసి, జగిత్యాల వచ్చి నా కిటికీ ముందు ఆగేవాడు. "మంచిగున్నవా బిడ్డా" అని అడిగేవాడు. మంచిగున్న అనేదాన్ని. కాగితం మాట ఆయన తీయలేదు, నేనూ తీయలేదు. మళ్లీ వానాకాలం వచ్చి దాటేసరికి మోపెడ్ చక్రాల్లోంచి గడ్డి మొలిచింది. సీటు మీది తువ్వాల చీలికలైంది. తర్వాత ఆయన రావడం మానేశాడు. మళ్లీ సాంచాకు పోతున్నాడని ఆయన చెల్లెలు చెప్పింది. ఆ ముచ్చట విని నేను మజ్జిగన్నం తిన్నాను, పని చేసుకున్నాను, బస్సెక్కి ఇంటికి పోయాను.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు జగిత్యాలలో రంగులు చల్లుకున్నాం, నేనూ చల్లుకున్నాను. బండ్లకు మాత్రం సర్కారు టీఎస్ అని పెట్టింది, మేం అంటించిన టీజీ అప్పుడూ చెల్లలేదు. తమ్ముడి కేసులు ఎత్తేశారు గానీ, ఎత్తేసేసరికి వాడికి ఆ కొలువు వయసు దాటిపోయింది. స్టాండు గుత్త వేరేవాళ్లకు పోయింది, కెమెరాలు పీకేశారు. నేను ఎవరిని కాపాడానో, దేనికోసం కాపాడానో, లెక్క తేలలేదు.

ఒట్టు గుర్తుంది కదా, కూర్చుని అంతా రాశాను. స్టిక్కర్లు, గేటు, ఫోటోలు, సంతకం, దేన్నీ దాచలేదు. అది పట్టుకుని ఠాణాకు పోతే ప్రహరీ పక్కన నున్నగా ఊడ్చి ఉంది. పాత బండ్లన్నీ పోయిన నెలలోనే వేలం వేసి, తుక్కు కింద లారీలో తీసుకుపోయారని చెప్పారు.

ఇక దాంతో ఎవరికీ పని లేదు. అయినా ఇంట్లో ఉంచుకోలేక సిరిసిల్ల పోయాను. కాక ఇల్లు వెతుక్కుంటూ పోతే, షెడ్డులో ఉన్నాడని చూపించారు. రేకుల షెడ్డు, వరుసగా సాంచాలు, ఒకరి మాట ఒకరికి వినపడనంత మోత. గాలిలో దూది ఎగురుతోంది. రెండు సాంచాల నడుమ కాక తెగిన పోగు ముడి వేస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి గుర్తుపట్టి, "బిడ్డా, ఎంతసేపైంది అచ్చి? అన్నం తిన్నవా?" అన్నాడు. అనడానికే రెండుసార్లు దగ్గాడు.

కాగితం చేతిలో పెట్టాను. ఆయన చదవలేదు. కళ్లు అగుపడ్తలేవు, నువ్వే చెప్పు అన్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను.

"గది నాకు తెల్సు బిడ్డా" అన్నాడు. "ఆ సోమారమే తెల్సింది. అన్ని బండ్లకు కొత్త స్టిక్కర్లుండె. నా బండికి మట్టుకు పెట్టకుంట ఇడుస్తరా మీరు?"

"తెల్సి మరి ఎందుకడుగలే కాకా? ఠాణాల నా పక్కనే కూసున్నవు. ఒక్క మాట అడుగకపోతివి."

ఆయన చేతిలో పోగు అట్లాగే ఉంది. కోపం లేదు ముఖంలో. నిజంగా తెలుసుకోవాలనుకుంటున్న మనిషిలా నన్ను చూశాడు.

"అడిగితే రాసిచ్చేదానివా?"

ఆయనకు అబద్ధం ఒకటి చెప్పి ఉన్నాను. ఇంకోటి చెప్పలేకపోయాను.

"లేదు" అన్నాను.

మోతలో ఆయనకు వినపడలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆఁ?" అని ముందుకు వంగాడు. నేను "లేదు కాకా, రాసియ్యకపోదును" అని, ఆ షెడ్డులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూసేటట్టు, ఇంకా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.